హారన్‌తో మొదలై ఎయిర్‌బ్యాగ్ లైటు దాకా

నా చిన్న కారు మైలేజీ, ఏసీ సంగతులు అందరికీ తెలిసినవే. మిర్యాలగూడ, నల్లగొండ మధ్య ఏళ్లుగా నడుపుతున్నాను. నా కోపమంతా ఎయిర్‌బ్యాగ్ లైటు దగ్గరే, అంటే ఎయిర్‌బ్యాగ్‌లో లోపం ఉంటే డాష్‌బోర్డు మీద వెలిగే హెచ్చరిక లైటు.

ముందు హారన్ తేడా చేసింది. స్టీరింగ్ ఒక పక్కకి తిప్పితే మోగేది కాదు. వరి కోతల కాలం, సగం రోడ్డు మీద వడ్లు, మిల్లుల ముందు లారీల వరస. హారన్ లేకుండా ఆ దారిలో ఎంత టెన్షనో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. తర్వాత స్టీరింగ్ మీది పాటల బటన్లు పోయాయి. ఆ తర్వాత లైటు. తాళం తిప్పగానే వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి, ఆరలేదు.

ఎలక్ట్రీషియన్ డాష్‌బోర్డు కింద వేరే స్విచ్ పెట్టి హారన్ మోగించాడు. "లైట్ గూడ బంద్ జేస్తనన్నా, వైరు పీకితే అయిపోతది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. రేపు నా భార్య బండి తీస్తే లోపం ఉందన్న సంగతే ఆమెకి తెలియదు కదా. లోపాల కోడ్లు చదివే అతని చిన్న స్కానర్ ఇంజన్ కోడ్లు చూపించింది గానీ ఎయిర్‌బ్యాగ్ కోడు చదవలేకపోయింది.

హైదరాబాద్ సర్వీస్ సెంటర్లో తేలింది: క్లాక్ స్ప్రింగ్. స్టీరింగ్ ఎటు తిరిగినా కరెంటు అందించే చుట్టల రిబ్బన్ తీగ అది. హారన్‌కీ, బటన్లకీ, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్‌కీ అదే దారి. పార్టు రావడానికి వారాలు పట్టింది. విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయని అందరికీ చెప్పేవాణ్ణి. క్లచ్ ప్లేటుకి, బ్రేక్ ప్యాడ్లకి ఆ మాట ఇప్పటికీ నిజమే.

ఆ వారాల్లో బండి మామూలుగానే నడిచింది, బ్రేకులకేం కాలేదు. కానీ ఢీకొడితే బ్యాగు తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. ఢీకొన్నప్పుడు సీటు బెల్టును లాగి బిగించే ప్రీటెన్షనర్ కూడా ఎయిర్‌బ్యాగ్‌ని నడిపే కంప్యూటర్ చెప్పుచేతల్లోనే ఉంటుంది కాబట్టి దాని మీదా ఆశ పెట్టుకోలేదు. బెల్టు మాత్రం పట్టి ఆపుతుంది. అందుకే వెనక సీట్లో వాళ్లతో కూడా పెట్టించాను. ఛాతీకీ స్టీరింగ్‌కీ జానెడు పైనే దూరం ఉండేలా సీటు జరుపుకున్నాను. రాత్రి ప్రయాణాలు, నార్కట్‌పల్లి దాటి హైవే ఎక్కడం మానేశాను.

పార్టు మార్చేటప్పుడు ఎయిర్‌బ్యాగ్ పొరపాటున పేలకుండా మెకానిక్ బ్యాటరీ తీగ తీసేసి, కొన్ని నిమిషాలు ఆగి గానీ స్టీరింగ్ విప్పలేదు. ఆ జాగ్రత్త నాకు చాలా నచ్చింది. ఇంట్లో ఎవరూ ఆ పనికి చెయ్యి పెట్టొద్దు.

నాకు ఊరి దగ్గరి తిరుగుడే ఎక్కువ కాబట్టి ఆగగలిగాను. రోజూ హైవే మీద పోయేవాళ్లు పార్టు వచ్చేదాకా వేరే బండి చూసుకోవడం మేలు. ఇలాంటి కారు పాతది కొనేవాళ్లు తాళం తిప్పి లైటు చూడండి. అసలు వెలగనే వెలగకపోతే ఎవరో వైరు పీకి ఉండొచ్చు. స్కాన్ చేయించకుండా అడ్వాన్సు ఇవ్వకండి.