ఫ్రీ ఈ-బుక్స్ అని ఒక్క రూపాయి అడుగుతున్నరు, పిన్ కొట్టకుండ్రి

ఆ ఫ్రీ తెలుగు ఈ-బుక్స్ యాడ్ మీ అందరికీ వచ్చే ఉంటది. ఎర్ర రంగు మీద పుస్తకాల గుట్ట, కింద "వేల తెలుగు పుస్తకాలు పూర్తిగా ఉచితం, పెద్ద అక్షరాలతో" అని. పబ్లిషర్ పేరు నేను రాస్తలేను, రాస్తే ఈ పోస్టునే తీయిస్తరు. యాడ్ చూసినోళ్లకు ఎవరో ఎరుకే. హన్మకొండ, వరంగల్, కాజీపేట గ్రూపులల్ల ఆ లింకు ఇంకా తిరుగుతనే ఉన్నది. నిన్న మా కాలనీ గ్రూపుల కూడా ఒక పెద్దమనిషి మంచి మనసుతోనే పెట్టిండు, "మన తెలుగు పుస్తకాలు, అందరూ చదవండి" అని. అది చూసినంక ఆగబుద్ధి కాలె, కోపంల ఉండంగనే రాస్తున్న. ఆ లింకు ఒత్తకుండ్రి. ఒత్తినా, "ఒక్క రూపాయి వెరిఫికేషన్" అన్న కాడ ఆగిపోండ్రి.

మా బాపు అకౌంట్ నుంచి దసరా నుంచి సంక్రాంతి దాకా నెలనెలా 499 రూపాయలు పోయినయ్. అది పెన్షన్ పడే అకౌంట్.

బాపు రిటైర్డ్ తెలుగు పండిట్. పరకాల దిక్కు జిల్లా పరిషత్ స్కూళ్లల్ల పని చేసిండు. పుస్తకం లేకుంటే ఆయనకు పొద్దు గడవదు. కంట్ల శుక్లం ఆపరేషన్ అయినంక చిన్న అచ్చు కష్టమైతున్నది, అందుకే ఫోన్ల చదువుడు మొదలుపెట్టిండు. పెద్ద అక్షరాలు, అదీ ఉచితం అంటే ఎవరికి ఆశ పుట్టదు? యాప్ వేసుకున్నడు. పేరు, నంబర్ ఇచ్చిండు. తర్వాత "మీరు నిజమైన పాఠకులే అని తెలుసుకోవడానికి ఒక్క రూపాయి" అని వచ్చింది. రూపాయే కదా అని పిన్ కొట్టిండు.

ఆ పిన్ రూపాయికి కాదు. నెలనెలా కట్ చేసుకోనీకి బాపు ఇచ్చిన ఒప్పుకోలు అది. ఆటోపే మాండేట్ అంటరు కదా, అదే. ఒక్కసారి పిన్ కొట్టి ఒప్పుకున్నంక, 15,000 రూపాయల లోపు మొత్తానికి ప్రతి నెలా మళ్ల పిన్ అడగది, దానంతట అదే పోతది. కట్ చేసే ముందు, కనీసం 24 గంటల ముందు, మెసేజ్ పంపాలని రిజర్వ్ బ్యాంక్ నియమం పెట్టింది. మెసేజ్ వచ్చింది కూడా. ఇంగ్లీషుల వచ్చింది, పబ్లిషర్ పేరుతోని కాదు, పైసలు వసూలు చేసే వేరే ఏదో కంపెనీ పేరుతోని. లోన్ మెసేజులు, రీచార్జ్ మెసేజుల నడుమ అది పుస్తకాలోళ్లదని ఎవలు పోల్చుకుంటరు? నేను సంక్రాంతికి ఇంటికి పోయి పాస్‌బుక్ ఎంట్రీలు చూస్తుంటే దొరికింది.

ఇగ అసలు సంగతి, నా కడుపు మండింది ఇక్కడ.

కస్టమర్ కేర్ నంబర్ ఆ యాప్‌ల ఎక్కడో అడుగున ఉన్నది. చానాసేపు పాట వినిపించినంక ఒక పిలగాడు ఎత్తిండు. మాట మన దిక్కుదే. నేను మాట్లాడుత అన్న, కానీ బాపు ఇనలె. "నా పేరు మీదున్నది బిడ్డా, మర్యాదగ నేనే అడుగుత" అని ఫోన్ తీసుకున్నడు. నేను స్పీకర్ పెట్టిన.

బాపు ముందుగాల తన పేరు చెప్పి, రిటైర్డ్ టీచర్‌నని చెప్పిండు. "బాబూ, ఉచితమని మీరు రాస్తెనే నేను తీసుకున్న. నెలనెలా కట్ అయితున్నట్టు నాకు తెల్వదు. కట్ చేసిన పైసలు వాపస్ ఇయ్యుండ్రి, మీ పుస్తకాలు కూడా నాకు వద్దు" అన్నడు. ఎంత నిమ్మళంగ అన్నడో నాకు ఇంకా చెవుల వినిపిస్తున్నది.

"పుస్తకాలు ఫ్రీ అన్నం సార్. మెంబర్‌షిప్ ఫ్రీ అని ఎక్కడన్న రాసినమా?"

"మెంబర్‌షిప్ లేకుంట పుస్తకం తెరుచుకుంటదా బాబూ?"

"తెరుచుకోదు."

"మరి అది ఉచితం ఎట్లయితది?"

ఆ పిలగానికాడ జవాబు లేదు. జవాబు లేనప్పుడు పై ఆఫీసరుతోని మాట్లాడిపియ్యాలె, లేకుంటే కంప్లైంట్ రాసుకొని నంబర్ ఇయ్యాలె. వాడు ఏమన్నడో చూడుండ్రి.

"టీచర్‌నంటున్నవ్, కింద రాసిన నాలుగు లైన్లు చదువరాలేదా? పిల్లలకు ఏం పాఠాలు చెప్పినవ్ మరి?"

అప్పటిదాక సార్, సార్ అన్నోడు ఒక్కపారే నువ్వు అన్న కాడికి దిగిండు. వెనుక ఇంకెవడో నవ్విండు, అదీ స్పీకర్ల వినబడ్డది. బాపు "సరే బాబూ" అన్నడు, ఫోన్ నా చేతికిచ్చిండు. నేను పేరు అడిగేలోపు కట్ చేసిన్రు. మళ్ల చేస్తే రింగ్ అయితనే ఉన్నది, ఎత్తలే.

మా బాపు చేతి కింద చదువుకున్నోళ్లు ఇయ్యాల డాక్టర్లున్నరు, పోలీసోళ్లున్నరు, టీచర్లున్నరు. హన్మకొండ బస్టాండ్ల ఎవరో ఒకరు ఆగి కాళ్లు మొక్కుతరు. జీవితమంత పిల్లలకు అక్షరం నేర్పిన మనిషిని పట్టుకొని చదువరాలేదా అన్నడు. మా తమ్ముడు "పైసలు పోతే పోనియ్ అక్కా" అంటున్నడు. పోనియ్య. ఇది పైసల పంచాయితీ కాదు.

ఆ నాలుగు లైన్లు ఎక్కడున్నయో నేను తర్వాత యాప్ తెరిచి వెతికి చూసిన. రూపాయి కట్టే బటన్ కింద, తెరను పైకి జరిపితే గానీ కనబడవు. లేత బూడిద రంగు, తెల్లటి తెర మీద. అదీ ఇంగ్లీషుల. యాడ్ తెలుగుల ఉన్నది, పుస్తకాల పేర్లు తెలుగుల ఉన్నయ్, "ఉచితం" అన్నది ఇంత పెద్దగ తెలుగుల ఉన్నది. పైసలు కట్ చేస్తం అన్న ముక్క ఒక్కటే ఇంగ్లీషుల ఎందుకున్నది? పెద్ద అక్షరాలు కావాలని వచ్చినోళ్లకు అంత చిన్న అక్షరాలు ఎందుకు పెట్టిన్రు? చూపు ఆననోళ్లే ఎక్కువ వస్తరని వాళ్లకు తెలుసు. తెలిసే పెట్టిన్రు.

ఇగ పుస్తకాల సంగతి. బాపు దించుకున్న ఒక పాత శతకాల సంపుటి తెరిచిన. పెద్ద అక్షరాలు ఏమీ లేవు, అది పాత పుస్తకం ఫొటో. స్కాన్ చేసిన పేజీ పెద్దగ చేస్తే అక్షరం అలుక్కపోతది, వరుస తెర దాటి పోతది, వేలితోని అటు ఇటు గుంజుకుంట చదవాలె. కండ్ల ఆపరేషన్ అయిన మనిషి ఒక్క పద్యం చదువుటానికి ఎంత తిప్పలపడాలె? లోపలి పేజీ మీద ఏదో గ్రంథాలయం ముద్ర సగం కనబడుతున్నది, మిగిలిన సగం మీద వీళ్ల లోగో అతికిచ్చిన్రు.

అనుమానం వచ్చి, పాత పుస్తకాలు ఉచితంగ దొరికే ఆర్కైవ్ డాట్ ఆర్గ్ అనే వెబ్‌సైట్ల అదే పుస్తకం వెతికిన. ఉన్నది. అదే ముద్ర పూర్తిగ ఉన్నది. అదే పేజీ మూలకు అదే సిరా మరక, అదే పద్యం పక్కన ఎవరో పెన్సిల్‌తోని పెట్టిన అదే గీత. పైసా కట్టేది లేదు, ఎవరికీ నంబర్ ఇచ్చేది లేదు, దించుకొని చదువుకోవచ్చు. ఆ కాపీనే తీసుకొచ్చి, లోగో వేసి, నెలకు 499 అంటున్నరు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద మన లైబ్రరీలల్లని పాత పుస్తకాలు వేలకు వేలు స్కాన్ చేసింది జనం చదువుకోవాలని. వీళ్లకు గుత్తకిచ్చింది కాదు.

ఇక్కడ నేను అన్యాయంగ మాట్లాడదల్చుకోలె. పాత పుస్తకాన్ని అచ్చేసి అమ్ముకునుడు తప్పు కాదు. మన దేశంల రచయిత పోయినంక, ఆ మరుసటి ఏడాది మొదలు నుంచి లెక్కపెట్టి 60 ఏండ్ల దాకా హక్కులు ఉంటయ్, ఆ తర్వాత పుస్తకం అందరిది. సురవరం ప్రతాపరెడ్డి గారు 1953ల పోయిండ్రు, ఆయన రాసినయ్ 2014 నుంచి అందరియ్. ఎవరన్నా మంచి కాయితం మీద వేసి, తప్పులు దిద్ది అమ్మితే నేను పైసలిచ్చి కొంట, మా ఇంట్ల అట్లాంటియి మస్తుగున్నయ్. చిన్న చిన్న పబ్లిషర్లు నష్టానికి ఓర్చుకొని తెలుగు పుస్తకం బతికిస్తున్నరు, నిజంగనే ఉచితంగ ఈ-బుక్స్ పెట్టేటోళ్లు కూడా ఉన్నరు. వాళ్ల మీద మచ్చ పడుతున్నదనే నాకు ఇంకా బాధ. కానీ ఈ యాప్ జాబితాల మొన్నమొన్నటి రచయితలవి కూడా ఉన్నయ్. మన కాళోజీ గారు పోయింది 2002ల. లెక్కన ఆయన రచనల మీద 2062 చివరి దాకా హక్కు ఉంటది. ఈ మధ్యన పోయినోళ్లవి, బతికున్నోళ్లవి ఉచితం అని పెట్టాలంటే ఎవరో ఒకరు ఒప్పుకోవాలె. ఒప్పుకున్నరా అని మెయిల్ పెట్టి అడిగిన. జవాబు లేదు.

బాపు మాకు చిన్నప్పటి నుంచి చెప్పేటోడు, నిజాం కాలంల తెలుగు చదువుకే దిక్కులేని రోజులల్ల, 1904ల మన హన్మకొండల రాజరాజనరేంద్ర భాషా నిలయం పెట్టిన్రని. అంతకు మూడేండ్ల ముందు హైదరాబాద్‌ల శ్రీకృష్ణదేవరాయ భాషా నిలయం. పైసా పైసా జమ చేసి, ఎవరింట్లనో ఉన్న పుస్తకాలు తెచ్చి పెట్టి, పదిమంది చదవాలని నడిపిన్రు. అసొంటి ఊర్ల, అదే తెలుగు మీద ప్రేమను ఎరగ వేసి ముసలోళ్ల పెన్షన్ గుంజుతున్నరు. నాకు అన్నిటికన్న ఇదే ఎక్కువ మండుతున్నది. లాటరీ అనో, లోన్ అనో మోసం చేస్తే జనం జాగ్రత్త పడతరు. పుస్తకం అంటే నమ్ముతరు. ఆ నమ్మకం మీదనే కొట్టిన్రు.

ఇది ఊరికే "మీరు చూసుకోవాలె" అని తప్పిచ్చుకునే ముచ్చట కాదని కూడా చెప్పాలె. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు తెచ్చింది. అందుల 13 రకాల మోసపు పద్ధతులు రాసిన్రు. సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ అన్నది అందుల ఒకటి. ఉచితం అని చెప్పి, ఆ ఉచితం కోసమే పేమెంట్ వివరాలో ఆటో డెబిట్ ఒప్పుకోలో తీసుకునుడు, క్యాన్సిల్ చేసే దారి కనబడకుంట దాచిపెట్టుడు, ఇవన్నీ దాని కిందికే వస్తయ్. మా బాపుకు జరిగింది మాటకు మాట అదే.

ఇప్పటికే పిన్ కొట్టినోళ్లు ఉంటే, యాప్ తీసేస్తే సరిపోదు. యాప్ పోయినా మాండేట్ బతికే ఉంటది, పైసలు పోతనే ఉంటయ్. మీ ఫోన్‌పే, గూగుల్‌పే, ఏది వాడితే దాంట్ల ఆటోపే అని ఉంటది, అందులకు పోయి ఆ మాండేట్ క్యాన్సిల్ చెయ్యుండ్రి. అర్థం కాకుంటే బ్యాంకుల అడుగుండ్రి. ఇంట్ల అమ్మానాన్నల ఫోన్లు కూడా ఒకసారి చూడుండ్రి, వాళ్లు అడగకపోయినా. కంప్లైంట్ కోసం 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్. పైసలు కొట్టేసిన్రు అనిపిస్తే 1930, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. జిల్లా వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్‌ల కేసు వెయ్యొచ్చు, మీరు కట్టింది ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు.

చదువుకోనీకి కావాలంటే ఆర్కైవ్ డాట్ ఆర్గ్ ఉన్నది, నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉన్నది. పెద్ద అక్షరాలు కావాల్సినోళ్లకు తెలుగు వికీసోర్స్ మంచిది. అక్కడ వాలంటీర్లు కూర్చొని టైపు చేసి, దిద్ది పెట్టిన్రు, ఫొటోలు కావు కాబట్టి అక్షరం ఎంత పెద్దగైనా చేసుకోవచ్చు. పోతన గారి భాగవతం అక్కడనే తెరిచి బాపు ఫోన్ల పెట్టిన. ఈ మూడిట్ల చదవనీకి యూపీఐ పిన్ ఎవరూ అడగరు.

మాండేట్ నేను క్యాన్సిల్ చేసిన, 1915ల కంప్లైంట్ రాయిపిచ్చిన. మీకు గానీ మీ ఇంట్ల పెద్దోళ్లకు గానీ ఇట్లనే కట్ అయి ఉంటే, బ్యాంక్ మెసేజ్, ఆ రూపాయి బటన్ ఉన్న పేజీ స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండ్రి, వాళ్లు ఎప్పుడైనా ఆ పేజీ మార్చేస్తరు. నాకు మెసేజ్ పెట్టుండ్రి, కమిషన్ల అందరం కలిసి వేద్దాం.