ఉప్పుగాలిలో మా స్కూటర్: శ్రీకాకుళం తీరంలో చుట్టరికాలకూ పండగలకూ వాడిన అనుభవం

ఇక్కడ సమీక్షిస్తున్నది 125 సీసీ పెట్రోలు స్కూటర్. కంపెనీ పేరు రాయడం లేదు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమలులోకి వచ్చిన తరువాత ఈ తరగతిలో తయారవుతున్న బళ్ళు పనితీరులో ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉన్నాయి కనుక, ఒక బండి మంచిచెడ్డలు చాలావరకు మిగిలినవాటికీ వర్తిస్తాయి. నేను రాయదలచుకున్నది కొత్త బండి మెరుపుల గురించి కాదు. శ్రీకాకుళం పట్టణంలో కాపురం, కళింగపట్నం దగ్గరి ఊళ్ళో అత్తవారిల్లు, విజయనగరంలో పుట్టిల్లు ఉన్న మా దంపతులకు, సంక్రాంతి నుంచి దసరా తరువాత విజయనగరంలో జరిగే సిరిమాను పండగ దాకా ప్రతి రాకపోకకూ ఇదే బండి పనిచేస్తూ వచ్చింది. దాన్ని నేనూ నడుపుతాను, మావారూ నడుపుతారు. సముద్రం పక్కన ఇన్నేళ్ళు తిరిగిన తరువాత దాని గురించి చెప్పుకోవలసినవి షోరూంలో చెప్పినవాటికి భిన్నంగా ఉన్నాయి.

మేము ఎక్కువగా తిరిగేది పట్టణం నుంచి అరసవల్లి మీదుగా గార వెళ్ళి, అక్కడి నుంచి తీరానికి చేరే దారి. ముప్పై కిలోమీటర్లకు లోపే ఉండే ఈ దారికి స్కూటర్ సరిగ్గా సరిపోతుంది. గేర్లు లేకపోవడం వల్ల ఊళ్ళ మధ్య పశువుల మందలు, ఆటోలు అడ్డం వచ్చినప్పుడు ఆగి కదలడంలో చికాకు ఉండదు. చీర కట్టుకున్నా ఇబ్బంది లేకుండా కూర్చుని నడపవచ్చు. ఇద్దరం ఎక్కి మామూలు వేగంతో వెళితే లీటరుకు నలభై ఐదు నుంచి యాభై కిలోమీటర్ల దాకా వస్తోంది. పట్టణంలో ఏడు రోడ్ల కూడలి, డే అండ్ నైట్ కూడలి చుట్టూ తిరిగే రోజుల్లో అది బాగా తగ్గుతుంది. 2019 ఏప్రిల్ నుంచి ఈ తరగతి బళ్ళన్నింటికీ తప్పనిసరి అయిన కంబైన్డ్ బ్రేకు, అంటే ఒక మీట నొక్కితే రెండు చక్రాలకూ బ్రేకు పడే ఏర్పాటు, ఇసుక పరుచుకున్న మలుపుల్లో నిజంగా ఆదుకుంటుంది.

అయితే మా ప్రాంతంలో స్కూటర్‌కు అసలు పరీక్ష సారె రోజున జరుగుతుంది. పండక్కి అటూ ఇటూ తిరిగే అరిసెలు, జంతికలు, పప్పు చెక్కలు, సున్నుండలు, అరటిగెలల బరువు ఏ కంపెనీ లెక్కలోనూ ఉండదు. కాళ్ళ దగ్గర చదునుగా ఉన్న జాగా ఈ బండికి ప్రాణం. అక్కడ ఒక డబ్బా పెట్టి, దాని మీద కొబ్బరికాయల సంచి ఆనించి, కొక్కేనికి మరో సంచి తగిలిస్తే మోటారు సైకిల్ మీద ఊహించలేని సామాను సాగిపోతుంది. సామాను ఎక్కిన కొద్దీ మా అత్తగారు “బండున్నాది కదేటమ్మా, ఇంకో గెల ఎట్టుకెళ్ళండి” అంటారు. ఆవిడ నమ్మకాన్ని బండి ఇంతవరకు వమ్ము చేయలేదు గానీ, అలా నింపినప్పుడు కాళ్ళు ముడుచుకుని కూర్చోవడం, హ్యాండిల్ పూర్తిగా తిరగకపోవడం, సందు మలుపుల్లో దిగి తోయడం మామూలే. కొక్కెం దగ్గర అచ్చువేసిన బరువు పరిమితిని మా వైపు ఎవరూ చదవరు. ఊరి అమ్మవారి సంబరానికి వెళ్ళేవాళ్ళు మొక్కుబడి కోడిని దానికే తగిలించి తీసుకుపోవడం నేను చూశాను.

సీటు కింద డిక్కీ విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. దాని అడుగునే ఇంజిన్ ఉంటుంది కనుక అరగంట ప్రయాణానికే లోపల బాగా వేడెక్కుతుంది. నెయ్యి బాగా పోసిన సున్నుండలు అందులో పెడితే ఇల్లు చేరేసరికి ముద్దగా మారతాయి. పచ్చి చేపలను అయితే అందులో అసలు పెట్టకూడదు. తీరం నుంచి తిరిగి వచ్చేటప్పుడు చందువ గానీ, కొణెం గానీ, ఎండు నెత్తళ్ళు గానీ తెచ్చుకోకుండా ఉండలేం కాబట్టి, పచ్చివాటిని మూత బిగిసే డబ్బాలో ఐసుతో సహా కాళ్ళ దగ్గరే పెట్టుకోవాలి. ఎండు చేపల వాసన ఒకసారి డిక్కీ అడుగున పరిచిన గుడ్డకు పట్టిందంటే మళ్ళీ వదలదు. ఆ తరువాత గుడికి తీసుకెళ్ళే పూలు, పళ్ళ పళ్ళెం అందులో పెట్టడానికి మనసొప్పదు. తేగల కట్టలు, తాటిముంజలు, పనసకాయలు ఎలా తెచ్చినా ఏమీ కావు.

రెండో పరీక్ష ఉప్పుగాలి. సముద్రపు తుంపరలలోని ఉప్పు ఇనుము మీద పేరుకుని గాలిలోని తేమను పట్టి ఉంచుతుంది. దానివల్ల తుప్పు పట్టే వేగం పెరుగుతుంది. లోతట్టు ఊళ్ళలో ఇదే తరగతి బళ్ళు అయిదారేళ్ళకు కూడా నున్నగా ఉంటే, మా బండికి రెండో వానాకాలానికే సైలెన్సర్ కవచం దగ్గర, స్టాండు స్ప్రింగుల్లో, రిమ్ముల అంచుల్లో ఎర్రటి మచ్చలు వచ్చాయి. పైన కనిపించే రంగు రేకులకూ ప్లాస్టిక్కుకూ ఏమీ కాలేదు. నష్టమంతా అడుగున, కంటికి ఆనని చోట జరుగుతుంది. వెనక డ్రమ్ము బ్రేకు మీట తిరిగే పిన్ను బిగుసుకుపోయి, బ్రేకు వదిలినా చక్రం స్వేచ్ఛగా తిరగకపోవడం కూడా ఈ ఉప్పు చలవే. మైలేజీ హఠాత్తుగా తగ్గితే తీరంలో ముందు అనుమానించవలసింది ఇంజిన్‌ను కాదు, ఈ పిన్నునే.

దీనికి మందు కడగడమే అని అందరూ చెబుతారు, నిజమే, కాని ఏ నీళ్ళతో అన్నది ఎవరూ చెప్పరు. తీరపు ఊళ్ళలో చాలా బోర్ల నీరే ఉప్పగా ఉంటుంది. ఆ నీటితో కడిగి ఎండలో ఆరబెడితే మరో పొర ఉప్పు పూసినట్టే. అందుకని మేము అత్తవారింట్లో బండి కడగము. పట్టణానికి తిరిగి వచ్చిన సాయంత్రమే మంచినీళ్ళతో, ముఖ్యంగా అడుగు భాగాన్ని, మడ్‌గార్డుల లోపలి వైపును కడుగుతాము. వానాకాలం ముందు మెకానిక్ చేత అడుగున తుప్పు నిరోధక పూత వేయించడం, బ్యాటరీ కొనలకు కొద్దిగా గ్రీజు రాయించడం అలవాటు చేసుకున్నాము. వాడేసిన ఇంజిన్ ఆయిల్‌ను అడుగున పూయడం మా వైపు జాలర్ల ఊళ్ళలో ఉన్న పద్ధతి. అది పనిచేస్తుంది గానీ ఇసుకనంతా అంటించుకుంటుంది. పైగా బ్రేకుల దగ్గర పొరపాటున పడితే ప్రమాదం. అధీకృత సర్వీసు కేంద్రాల్లో ఒకదానికి బండి ఇచ్చినప్పుడు అడుగు భాగం చూడకుండానే ‘పూర్తి తనిఖీ’ అని రాసి పంపారు. అప్పటి నుంచి బండిని పైకి ఎత్తించి మా కళ్ళ ముందే చూపించమంటున్నాము.

వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం దగ్గర ఇసుకలోకి బండి దింపవద్దు. వెనక చక్రం పది అంగుళాలదే, ఇద్దరి బరువూ దాని మీదే ఉంటుంది; గట్టిగా కనిపించిన చోట కూడా అది దిగబడుతుంది. దీపస్తంభం (లైట్‌హౌస్) వైపు తారు రోడ్డు మీదే బండి ఆపి నడిచి వెళ్ళడం మేలు. శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాలు చూడటానికి వచ్చే చుట్టాలను తిప్పడానికి ఇదే బండి చాలు, ఎందుకంటే అత్తవారి ఊరి నుంచి అది పక్కనే.

పండగ రోజుల్లో దీని ఉపయోగం గుడిని బట్టి మారుతుంది. అరసవల్లి పట్టణానికి ఆనుకునే ఉంది కనుక మామూలు ఆదివారాల్లో స్కూటర్ మీద తెల్లవారకముందే వెళ్ళి రావడం సుఖం. రథసప్తమి నాడు మాత్రం అర్ధరాత్రి నుంచే క్షీరాభిషేకం, నిజరూప దర్శనం కోసం జనం బారులు తీరతారు, దారులు మూసేస్తారు, బండి పెట్టిన చోటు నుంచి గుడికి నడిచే దూరం ఇంటి నుంచి గుడికి నడిచే దూరంతో సమానమవుతుంది. ఆ రోజు మేము బండి తియ్యము. మాఘ మాసపు ఆదివారాలు కూడా కొంచెం ఇలాగే ఉంటాయి. శ్రీకూర్మంలో ఫాల్గుణ పౌర్ణమికి జరిగే డోలోత్సవానికి మాత్రం స్కూటరే సరైనది; ఊరి బయట పొలం గట్టున ఎక్కడైనా నిలిపి లోపలికి వెళ్ళవచ్చు, కారున్న చుట్టాలు ఇంకా వెనక్కి తిప్పుకునే అవస్థలో ఉండగానే మనం రెండు ధ్వజస్తంభాల గుడిలో దర్శనం ముగించుకుని రావచ్చు. ఆ ఉత్సవంలో రంగులు పడ్డ సీటును వెంటనే తుడవకపోతే కుట్ల మధ్య గులాలు నిలిచిపోతుంది. శివరాత్రికి శ్రీముఖలింగం వెళ్ళడం మాత్రం ఈ బండికి కొంచెం ఎక్కువే. మధుకేశ్వరుని దర్శనం చేసుకుని వంశధార ఒడ్డు నుంచి అంత దూరం రాత్రి జాగరణ కళ్ళతో నడపడం నాకు నచ్చదు, మేము బస్సులోనే వెళతాము.

సంక్రాంతి ప్రయాణాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పుష్య మాసంలో పల్లె రోడ్లన్నీ సగం వరకు ధాన్యం ఆరబోతలతో నిండి ఉంటాయి. ధాన్యపు గింజల మీద బ్రేకు వేస్తే చిన్న చక్రాల బండి బంతుల మీద నిలబడ్డట్టు జారిపోతుంది. ఎదురుగా లారీ వస్తున్నప్పుడు పక్కకు తప్పుకోవడానికి మిగిలేది ఆ గింజలే కనుక, వేగాన్ని ముందుగానే తగ్గించుకోవడం తప్ప మార్గం లేదు. భోగి మర్నాడు నడిరోడ్డు మీద మిగిలిపోయిన బూడిద కుప్పల్లో పాత తలుపుల మేకులు ఉంటాయి. పండగ మూడు రోజులూ పంక్చర్ షాపులు తెరిచి ఉండవు. ట్యూబ్‌లెస్ టైర్లు ఉండటం వల్ల మేకు దిగినా గాలి నెమ్మదిగా పోతుంది, ఇల్లు చేరే వ్యవధి దొరుకుతుంది. ఇద్దరం సామానుతో వెళ్ళేటప్పుడు మా బండి పుస్తకంలో చెప్పినట్టు వెనక టైరులో 36 పీఎస్ఐ గాలి పట్టించడం వల్ల మలుపుల్లో ఊగిసలాట స్పష్టంగా తగ్గింది.

విజయనగరం సంగతి వేరు. పట్టణం నుంచి సుమారు డెబ్బై కిలోమీటర్లు. ఎచ్చెర్ల, రణస్థలం మీదుగా జాతీయ రహదారిలో వెళ్ళి, నాతవలస దగ్గర లోపలికి తిరగాలి. ఇంజిన్‌కు ఆ దూరం లెక్కలోది కాదు, కాని ఆరు వరుసల రోడ్డు మీద భారీ లారీలు దాటినప్పుడు తేలికైన బండి ఊగుతుంది, సముద్రం వైపు నుంచి అడ్డంగా వచ్చే గాలి ఆ ఊపును ఇంకా పెంచుతుంది, అయిదు లీటర్ల ట్యాంకు మీద కన్ను వేసి ఉంచాలి, గంట దాటితే నడుము పట్టేస్తుంది. అందుకని పుట్టింటికి వెళ్ళడానికి మేము ఎంచుకున్న పద్ధతి ఇది: ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్ దాకా స్కూటర్, అక్కడ స్టాండులో బండి పెట్టి పలాస నుంచి విశాఖ వెళ్ళే రైలులో దూసి, పొందూరు, సిగడాం, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల దాటుకుంటూ విజయనగరం. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో స్త్రీశక్తి పథకం వచ్చాక నాకు బస్సు ఉచితం కనుక మావారు తన ఒక్కరి టికెట్టే కొంటూ ప్రతిసారీ ఆ సంగతి గుర్తు చేస్తారు. అయినా రైలులో సామాను పెట్టుకునే సుఖం బస్సులో లేదు.

సిరిమాను పండగకు స్కూటర్‌ను విజయనగరంలోకి తీసుకెళ్ళవద్దని నా గట్టి సలహా. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం నాడు 50 అడుగులకు పైబడిన చింతమాను కొసన పూజారి కూర్చుని, ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల అనే ఊరేగింపు భాగాలు సాగుతుండగా, మూడు లాంతర్ల దగ్గరి పైడితల్లి గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతారు. ఆ దారులన్నింటిలోనూ బళ్ళు ఆపేస్తారు. ముందు రోజు తొలేళ్ళ రాత్రి నుంచే సందులు కూడా నిండిపోతాయి. పైగా అది తుపానుల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న ఈ తీరాన్ని తాకాయి. దసరా రోజుల్లో వాయుగుండం వార్త వచ్చిందంటే మేము బండిని ఎత్తు గల వసారాలో పెట్టి కదలము. రోడ్డు మీద నిలిచిన నీరు చక్రం సగానికి వస్తే డ్రమ్ము బ్రేకులు కాసేపు పట్టవు, గాలి లోపలికి తీసుకునే భాగం, వెనక చక్రాన్ని తిప్పే బెల్టు ఉండే పెట్టె కూడా మరీ ఎత్తున ఉండవు.

ఖర్చుల విషయంలో పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. మామూలు సర్వీసింగులు, ఒకసారి బెల్టు, బ్రేకు షూలు, ఉప్పు తినేసిన సైలెన్సర్ కవచం, బ్యాటరీ మార్చాము. ఇద్దరూ సారె సామానుతో తిరిగేవాళ్ళకు బెల్టు పుస్తకంలో చెప్పిన దూరానికి ముందే అరుగుతుంది; ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ శబ్దం పెరిగి వేగం పెరగకపోవడం దానికి గుర్తు.

శ్రీకాకుళం, గార, పోలాకి వైపు ముప్పై, నలభై కిలోమీటర్ల లోపు చుట్టరికాలున్న దంపతులకు ఈ తరగతి స్కూటర్‌ను నేను నిస్సంకోచంగా సూచిస్తాను. ఒకరి ఇల్లు ఇచ్ఛాపురంలోనూ మరొకరిది విజయనగరంలోనూ ఉన్నవాళ్ళు, రైలు వేళలు కుదరనివాళ్ళు, పెద్ద చక్రాల మోటారు సైకిల్ కొనుక్కోవడం మంచిది. సముద్రానికి కిలోమీటరు లోపు నివాసమైతే బండికి కప్పు ఉన్న చోటు చూసుకున్న తరువాతే కొనాలి. టైర్లు, బ్రేకులు చూపించుకునే పని ఏదైనా ఉంటే మాఘ మాసం రాకముందే చేయించుకోవాలి. రథసప్తమి వారంలో అరసవల్లి దారిలోని మెకానిక్కులు ఎవరూ ఖాళీగా దొరకరు.