బీచ్ రోడ్డా, కంబాలకొండా?

విశాఖలో ఇంటిల్లిపాదీ కలిసి నడవాలంటే నా ఓటు బీచ్ రోడ్డుకే. కాళీమాత గుడి నుంచి కురుసుర జలాంతర్గామి మ్యూజియం వైపు దారి దాదాపు చదును. తెల్లవారుజామున వాహనాలు ఆపేస్తారు కాబట్టి చక్రాల కుర్చీనైనా రోడ్డు మీదే తోసుకెళ్లొచ్చు, ఫుట్‌పాత్ ఎక్కి దిగే బాధ లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కాసేపు నడిచి, గట్టు మీద కూర్చుని, మళ్లీ లేస్తారు. ఇక చాలనిపిస్తే పక్క వీధిలోకెళ్లి ఆటో ఎక్కేయడమే. ఇసుకలో నడవాలనుంటే అల వచ్చి వెళ్లిన తడి మీదే నడవండి, అక్కడ గట్టిగా ఉంటుంది. పొడి ఇసుకలో పాదం దిగబడి చీలమండలు లాగేస్తాయి. నీళ్లలోకి మాత్రం దిగొద్దు, ఈ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ప్రాణాలు తీశాయి. ఎనిమిది దాటితే నీడ ఉండదు, ఉక్కపోతకు చొక్కా వీపుకి అతుక్కుపోతుంది.

ఎండ పడనివాళ్లకు కంబాలకొండ మేలు. జాతీయ రహదారి పక్కనే, సుమారు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. ఎకో పార్కు దగ్గరి దారుల్లో చెట్ల నీడ, పిట్టల కూతలు. అయితే రాళ్లు, వేర్లు తగులుతుంటాయి. చక్రాల కుర్చీకి కష్టం, చెప్పులకన్నా బూట్లు నయం. చిరుతలు తిరిగే అడవి, పిల్లల్ని ముందుకు పరిగెత్తనివ్వకండి. వానల్లో బాట జారుతుంది, అప్పుడు మళ్లీ బీచ్ రోడ్డే.