బస్సా, రైలా? అమ్మకో లెక్క, నాయనకో లెక్క, చిన్నాయనకో లెక్క

మా అమ్మకు 66 ఏండ్లు, నాయనకు 71. వాళ్లుండేది ముద్దనూరు దగ్గర పల్లెలో, నేనుండేది కడపలో. అమ్మకు షుగరు, నాయనకు గుండె జబ్బు. నెలకు ఒకసారైనా ఇద్దరిలో ఎవరో ఒకరు ఆస్పత్రి పని మీద కడపకు రావాల్సిందే. వాళ్లతో పాటు మా చిన్నాయన కూడా వస్తుంటాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆయన కుడికాలు సన్నబడింది, కర్ర పట్టుకుని నడుస్తాడు. ముగ్గురూ ఒకే ఊళ్లో ఎక్కి ఒకే ఊళ్లో దిగినా ముగ్గురి టికెట్టూ మూడు రకాలు. ఎవరికి ఏది మేలు అని ఇంట్లో ప్రతిసారీ చర్చే. ఇది 2025 అక్టోబరులో రాస్తున్నాను, చెప్పే నిబంధనలు ఇప్పటివి.

ముందు బస్సు సంగతి. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల ఉచిత బస్సు పథకం స్త్రీ శక్తి మొదలైనప్పటి నుంచి అమ్మకు టికెట్టు సున్నా. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోని ఆడవాళ్లు, ట్రాన్స్‌జెండర్లు ఉచితంగా పోవచ్చు. వయసుతో పని లేదు. మన రాష్ట్రం వాళ్లమని తెలిపే ఆధార్ గానీ, రేషన్ కార్డు గానీ, ఓటరు కార్డు గానీ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు ఇస్తాడు. డబ్బులు కట్టకపోయినా ఆ టికెట్టు మాత్రం అడిగి తీసుకోవాలి. సూపర్ లగ్జరీ, ఏసీ బస్సులకు ఈ పథకం లేదు. బెంగళూరు, బళ్లారి, వేలూరు లాంటి పక్క రాష్ట్రాల బస్సులకూ లేదు. వేలూరు ఆస్పత్రికి పోయే కుటుంబాలు మా వైపు చాలానే ఉన్నాయి. ఈ సంగతి తెలియక బస్టాండులో తెల్లబోయేవాళ్లూ ఉన్నారు.

ఇది మా ఇంట్లో ఎంత మార్పు తెచ్చిందో చెప్పాలి. ఇంట్లో పింఛను వచ్చేది నాయన పేరు మీద, నెలకు 4,000. అమ్మ కండ్ల పరీక్ష రెండేండ్లు వాయిదా పడింది. అడిగితే "ఇప్పుడేం తొందర లేదులే" అనేది. తొందర లేక కాదు, చార్జీలకు నాయనను అడగాలి, అడిగితే ఆయన ఆ నెల మందుల లెక్క చెప్తాడు. అది ఇద్దరికీ ఇబ్బందే. సెప్టెంబరులో ఒక రోజు పొద్దున పదకొండుకు మా ఇంటి తలుపు తట్టింది. చేతిలో ఆధార్ కార్డు, ఒక సంచి. "కండ్లు చూపించుకుందామని వచ్చినా మా" అనింది. ఎవర్నీ అడక్కుండా, ఎవరి తోడూ లేకుండా వచ్చింది. నాకు తెలిసి మా అమ్మ ఒంటరిగా కడపకు రావడం అదే మొదలు. ఉచిత బస్సును ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు ఆ పొద్దు గుర్తొస్తుంది.

అదే బస్సులో నాయన లెక్క వేరు. 60 దాటిన వాళ్లకు ఆర్టీసీలో 25 శాతం రాయితీ. కరోనా కాలంలో ఆపేసి, 2022లో మళ్లీ ఇచ్చారు. ఇది పల్లెవెలుగుకే కాదు, పెద్ద బస్సులకూ వర్తిస్తుంది. అమ్మకు ఉచితం లేని సూపర్ లగ్జరీలో కూడా ఇద్దరికీ ఈ పాతిక శాతం తగ్గుతుంది. వంద రూపాయల టికెట్టు అనుకుందాం. ఎక్స్‌ప్రెస్‌లో ఇద్దరికీ కలిపి 75 అవుతుంది, అమ్మది సున్నా కాబట్టి. అదే వంద టికెట్టు సూపర్ లగ్జరీదైతే ఇద్దరికీ 150. అసలు పెద్ద బస్సు టికెట్టే ఎక్కువ కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది. అందుకని డబ్బు ఒక్కటే చూసుకుంటే భార్యాభర్తలకు ఎక్స్‌ప్రెస్‌ను మించింది లేదు.

నాయన ఎప్పుడూ ఆధార్ ఒరిజినలే జేబులో పెట్టుకుంటాడు. వయసుకు ఆధారంగా అదే చూపిస్తాడు. ఇక్కడొక చిక్కుంది. మన పల్లెల్లో చాలామంది పెద్దోళ్లకు ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1, సంవత్సరం ఎవరో అందాజుగా రాసింది. నిజంగా 63 ఉన్నా కార్డులో 58 ఉంటే రాయితీ రాదు, పింఛనూ రాదు. మీ ఇంట్లో పెద్దోళ్ల కార్డులు ఒకసారి తీసి చూడండి. టికెట్టు సంగతి తర్వాత, ముందు అది సరిచేయించాలి.

ఇప్పుడు రైలు. ఒకప్పుడు పెద్దోళ్లకు రైలే మేలు అనడానికి ఎవరూ ఆలోచించేవాళ్లు కాదు. 60 దాటిన మగవాళ్లకు 40 శాతం, 58 దాటిన ఆడవాళ్లకు 50 శాతం తగ్గేది. 2020 మార్చి 20న కరోనా పేరుతో ఆపారు. కరోనా పోయింది, రాయితీ తిరిగి రాలేదు. ప్రతి ప్రయాణికుడికీ సగటున 46 శాతం సబ్సిడీ ఇస్తూనే ఉన్నామని రైల్వే మంత్రి పార్లమెంటులో చెప్తూ వస్తున్నారు. ఆ మాట నాకు సరిపోదు. సంపాదించేవాడికీ, మానేసినవాడికీ ఒకే సబ్సిడీ అంటే పెద్దోళ్లకంటూ ఇచ్చింది ఏమీ లేనట్టే. ఉన్న రాయితీని తీసేసి మిగతావాళ్లతో సమానంగా ఇస్తున్నామనడం న్యాయం కాదు.

అయినా ప్యాసింజరు రైలు చవకే. కరోనా తర్వాత ప్యాసింజరులో కనీస చార్జీ 30 చేశారు, 2024లో మళ్లీ 10కి తెచ్చారు. ముద్దనూరు నుంచి ఎర్రగుంట్ల మీదుగా కడపకు ప్యాసింజరులో ఇరవై లోపే. రాయితీ లేకుండానే నాయన బస్సు టికెట్టు కంటే తక్కువ. మరి నాయన ప్యాసింజరెక్కి రావచ్చు కదా? రావచ్చు. కాకపోతే దాని టైమూ ఆస్పత్రి ఓపీ టైమూ కలవాలి. ఎక్స్‌ప్రెస్ రైలుకు దారి వదలడానికి ప్యాసింజరు నిలబడితే ఓపీ చీటీలు అయిపోతాయి. పైగా ఊరి నుంచి స్టేషనుకు ఆటో, కడప స్టేషను నుంచి పుట్లంపల్లి వైపు రిమ్స్ ఆస్పత్రికి ఇంకో ఆటో. షేర్ ఆటోకు సీనియర్ సిటిజనూ లేదు, స్త్రీ శక్తీ లేదు. టికెట్టులో మిగిలింది ఆటోలో పోతుంది. ముద్దనూరు–కడప లాంటి గంట, గంటన్నర దూరానికి నేను ఇద్దరికీ బస్సే చెప్తాను. సోమవారం పొద్దున మాత్రం వద్దు. కాలేజీ పిల్లలు, ఉద్యోగులు, ఆస్పత్రికి పోయేవాళ్లు అందరూ ఆ ఒక్క పొద్దే బయల్దేరతారు. సీటు దొరకని బస్సు ఉచితమైనా మోకాళ్లకు ఖరీదే.

దూరం పెరిగితే నా తీర్పు మారుతుంది. దానికి కారణం టికెట్టు కాదు, ఎవరూ పైకి మాట్లాడని సంగతి, ఒంటేలు.

నాయనకు గుండె మందులతో పాటు నీళ్ల మాత్ర ఉంది. పొద్దున వేసుకుంటే మూడు నాలుగు గంటలు గంటకోసారి లేవాలి. అమ్మకు షుగరు. కడప నుంచి తిరుపతికి బస్సంటే రాజంపేట, కోడూరు మీదుగా మూడున్నర, నాలుగు గంటలు. దారిలో బస్సు ఆపమని అడగడానికి నాయనకు మొహమాటం, అమ్మకైతే సిగ్గు. అందుకని ఇద్దరూ ఒక పని చేసేవాళ్లు. ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేసేవాళ్లు. నాయన పొద్దున ఆ మాత్ర కూడా మింగేవాడు కాదు. ఈ సంగతి మాకు చాన్నాళ్లు తెలియలేదు. తిరుపతిలో డాక్టరు బీపీ చూసి "మాత్ర వేసుకున్నారా?" అని గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు. ఆ తర్వాత నుంచి తిరుపతి ప్రయాణం రైల్లోనే. అమ్మకు ఎక్స్‌ప్రెస్ బస్సు ఉచితం, రైలుకు ఇద్దరికీ పూర్తి చార్జీ. అయినా రైలే. రైలు మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుందని చెప్పను, కానీ ఉంది. లేచి నడిచి పోవచ్చు, ఎవర్నీ బతిమాలాల్సిన పని లేదు.

రాత్రి ప్రయాణమైతే బెర్తు సంగతి తెలిసి ఉండాలి. టికెట్టులో రాయితీ తీసేశారు గానీ కింది బెర్తు కోటా తీసేయలేదు. 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు స్లీపరులో ఒక్కో పెట్టెకు ఆరేడు కింది బెర్తులు, థర్డ్ ఏసీలో నాలుగైదు కేటాయిస్తారు. అయితే ఆ కోటా ఒంటరిగానో, ఇద్దరు పెద్దోళ్లుగానో టికెట్టు తీసుకున్నప్పుడే పనిచేస్తుంది. ఇది తెలియక నేను చేసిన తప్పు చెప్తాను. సికింద్రాబాదుకు పోయేటప్పుడు అమ్మ, నాయన, నేను ముగ్గురం ఒకే టికెట్టులో బుక్ చేసినా. కలిసి ఉంటామని నా ఉద్దేశం. ముగ్గురిలో నేను చిన్నదాన్ని ఉండేసరికి కోటా వర్తించలేదు. నాయనకు పై బెర్తు వచ్చింది. పక్కనాయన మంచోడు కాబట్టి కింది బెర్తు ఇచ్చినాడు. ఇప్పుడు వాళ్లిద్దరికీ ఒక టికెట్టు, నాకు విడిగా ఇంకో టికెట్టు తీస్తున్నా. అదే పెట్టెలో దొరికితే చాలు.

స్టేషనులో చక్రాల కుర్చీ కావాలంటే స్టేషను మాస్టరును అడగాలి. కడప స్టేషనులో ఓవర్‌బ్రిడ్జి మెట్లు నాయన ఎక్కలేడు కాబట్టి రైలు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో ముందే కనుక్కుని కొంచెం తొందరగా పోతాం.

ఇక చిన్నాయన. ఈయన విషయంలో చాలామంది పొరబడతారు. సదరం, అంటే వైకల్యం ఎంతో తెలిపే ప్రభుత్వ సర్టిఫికెట్టు ఉంటే బస్సూ రైలూ రెండూ తగ్గుతాయనుకుంటారు. బస్సుకు వైకల్య శాతం చూస్తారు. 2025 అక్టోబరు నాటికి సదరం, ఆధార్, ఫొటోలు పెట్టి ఆర్టీసీ పాసుల కౌంటరులో దివ్యాంగుల పాసు చేయించుకుంటేనే రాయితీ. రైల్వే శాతం చూడదు, ఇంకోటి చూస్తుంది. తోడు లేకుండా ప్రయాణం చేయలేని కాళ్లూచేతుల వైకల్యం, పూర్తిగా చూపు లేకపోవడం, మానసిక వైకల్యం, మాటా వినికిడీ రెండూ లేకపోవడం. ఈ నాలుగింటికే రాయితీ. మొదటి మూడింటికి స్లీపరులో, థర్డ్ ఏసీలో 75 శాతం, తోడు వచ్చేవాళ్లకూ అంతే. మాటా వినికిడీ లేనివాళ్లకు స్లీపరులో 50 శాతం. దీనికి సదరం చాలదు. రైల్వే వాళ్ల నమూనాలోనే ప్రభుత్వ డాక్టరు రాయాలి. దాంతో రైల్వే గుర్తింపు కార్డు తీసుకుంటే ఆన్‌లైన్లో కూడా రాయితీ టికెట్టు వస్తుంది.

చిన్నాయన కర్రతో ఒంటరిగా తిరుగుతాడు కాబట్టి రైల్వే లెక్కలో రాడు. "నడిచేటోనికి ఇయ్యరంట, పడిపోతే ఇస్తారేమో" అన్నాడు. ఆ మాటలో బాధ ఉంది. ఒక కాలు మీద నలభై ఏండ్లు నడిచి ఎవరి మీదా ఆధారపడని మనిషికి అదే అడ్డమైంది. ఆయనకు బస్సు పాసే మేలు, కాకపోతే బస్సు మెట్టు ఎత్తు. ఎక్కేటప్పుడు కర్ర ముందు లోపలికి ఇచ్చి, రెండు చేతులతో కడ్డీ పట్టుకుని లేస్తాడు. మెట్టు తగ్గించడం రాయితీ కంటే పెద్ద సాయం అంటాడు. నేనూ అదే అంటాను.

చూపు లేనివాళ్లు, తోడు లేకుండా కదల్లేనివాళ్లు అయితే దూరాలకు రైలే ఎక్కాలి. తోడు వచ్చేవాళ్లకు కూడా 75 శాతం తగ్గడం చిన్న విషయం కాదు. క్యాన్సరు చికిత్సకు పోయేవాళ్లకైతే ఆలోచనే అక్కర్లేదు. రోగికి స్లీపరు, థర్డ్ ఏసీ పూర్తిగా ఉచితం, తోడుకు 75 శాతం తగ్గింపు. ఆస్పత్రి ఇచ్చిన సర్టిఫికెట్టు కావాలి. ఇది తెలియక పూర్తి చార్జీలు పెట్టుకుని చెన్నైకి తిరిగిన కుటుంబం మా వీధిలోనే ఉంది.

మా ఇంట్లో ప్రస్తుతానికి ఇట్లా కుదిరింది. కడప పని ఉంటే ముగ్గురూ బస్సే, పొద్దున రద్దీ తగ్గినాక. తిరుపతికి అమ్మానాయన రైలు. నవంబరులో నాయనకు మళ్లీ గుండె పరీక్ష ఉంది. ఇద్దరికీ కలిపి టికెట్టు తీసినా, కింది బెర్తులు రెండూ వచ్చినాయి. అమ్మ ఫోన్లో ఒకటే అడిగింది: "నీళ్ల సీసా పెద్దది తెచ్చుకోవచ్చా మా?"