స్టన్‌గన్: నిషేధమా, అనుమతా, మధ్యేమార్గమా?

ఒంటికి ఆనించి కరెంటు షాక్ కొట్టే స్టన్‌గన్ బ్రిటన్‌లో నిషిద్ధ ఆయుధం. 1968 నాటి తుపాకుల చట్టమే అందుకు ఆధారం. పెప్పర్ స్ప్రేకూ అదే గతి. టార్చిలైటులానో ఫోనులానో కనిపించేలా చేసిన స్టన్‌గన్‌తో పట్టుబడిన పెద్దవారికి, అసాధారణ పరిస్థితులు ఉంటే తప్ప, కనీసం 5 ఏళ్ల జైలు. ఈ పద్ధతిలో ఒక సుగుణం ఉంది: సందిగ్ధానికి చోటు లేదు. దొంగ చేతిలోనూ ఆ పరికరం అలాగే పనిచేస్తుంది కదా!

అయితే అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రపు కేసు ఒకటి చదివాక నాకు ఆ సుగుణం మీద నమ్మకం సడలింది. మాజీ ప్రియుడు వెంటపడి వేధిస్తుంటే ఒక మహిళ కోర్టు ఉత్తర్వులు తెచ్చుకుంది, ఒకటి కాదు, చాలా. అతను ఆగలేదు. ఆమెకన్నా దాదాపు అడుగు ఎత్తు, 100 పౌండ్ల బరువు ఎక్కువ. ఒక రాత్రి ఆమె పని ముగించుకుని వచ్చేసరికి బయట కాచుకుని ఉన్నాడు. ఆమె స్టన్‌గన్ తీసి చూపించింది. మీట నొక్కే అవసరమే రాలేదు, అతను వెళ్లిపోయాడు. తరువాత అది దగ్గర ఉంచుకున్నందుకు దోషిగా తేలింది మాత్రం ఆమే. అమెరికా రాజ్యాంగంలో ఆయుధహక్కు సవరణ వచ్చిన నాటికి, అంటే 1791లో, ఇలాంటివి వాడుకలో లేవని రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం అంది. ఆ లెక్కన ఇప్పటి తుపాకులు ఎన్ని మిగులుతాయో! 2016లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తర్కాన్ని తోసిపుచ్చింది, 2018లో రాష్ట్ర న్యాయస్థానమే నిషేధాన్ని కొట్టేసింది. హవాయి రాష్ట్రమూ 2022లో వీటికి తలుపు తెరిచింది.

జర్మనీది మధ్యేమార్గం. 18 నిండినవారు అధికారిక ముద్ర ఉన్న స్టన్‌గన్ కొనవచ్చు. తీగలతో ముళ్లను దూరం విసిరే టేజర్ మాత్రం 2008 నుంచి నిషిద్ధం. కెనడా పొడవు కొలుస్తుంది: 480 మిల్లీమీటర్లలోపు ఉంటే నిషేధం. దాచుకోవడానికి వీలైనదన్న భయం కాబోలు.

షరతులతో అనుమతే మేలని నా అభిప్రాయం. కానీ జర్మన్ గీత తప్పుచోట పడింది. స్టన్‌గన్ పనిచేయాలంటే దాని రెండు మొనలూ ఎదుటివాడి ఒంటికి ఆనాలి, కొన్ని క్షణాలు అలాగే ఒత్తి పట్టాలి. అంటే అతను చేయి అందేంత దగ్గరికి వచ్చేదాకా ఆగాలి. ఆ చేత్తోనే దాన్ని లాక్కోగలడు కూడా. టేజర్ అయితే కొన్ని మీటర్ల దూరం నుంచే కండరాలను బిగదీస్తుంది. ముళ్లు మందపాటి కోటులో చిక్కుకుంటే అదీ విఫలమే. దూరం నుంచి ఆపగలిగేదానికి శిక్షణ, లైసెన్సు అడిగి ఇవ్వవచ్చు కదా.