ఏసీ చల్లబడటం లేదు: సర్వీసింగా, గ్యాసా, కొత్తదా?

మే నెలలో విజయవాడలో ఏసీ మెకానిక్ దొరకడమే గగనం. దొరికినాయన మూత కూడా తీయకుండా "గ్యాస్ తగ్గిందండీ" అంటాడు. నిరుడు మేమూ ఆ మాట నమ్మి మూడు వేలు కట్టాం. ఇరవై రోజులకి మళ్లీ అదే వేడిగాలి. అప్పటినుంచి ఎవరడిగినా ఒకటే చెబుతున్నాను: ముందు సర్వీసింగ్, ఆ తర్వాతే గ్యాస్ మాట.

ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసేసిన రాగి గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. "ఏటా గ్యాస్ పట్టించాలండీ" అనే మాట నమ్మకండి. దుమ్ము మాత్రం ఏటా పడుతుంది. రోడ్డు పక్క ఇళ్లలో అయితే రెండు వారాలకే ఫిల్టర్ మూసుకుపోతుంది.

రెంటికీ తేడా ఇంట్లోనే కనిపెట్టొచ్చు. గాలి జోరు తగ్గి, వచ్చే కాస్త గాలీ చల్లగానే ఉంటే అది మురికి. ఫిల్టర్ తీసి కిటికీ వెలుగుకి అడ్డం పెట్టి చూస్తే తెలిసిపోతుంది. గాలి జోరుగా వస్తున్నా చల్లదనం లేకపోతే బయటి యూనిట్ చూడండి. దాని ఫ్యాన్ తిరగకుండా గుయ్‌మని మూలుగుతుంటే చాలాసార్లు కెపాసిటర్ (మోటారు తిరగడానికి ఊపునిచ్చే చిన్న భాగం) పోయి ఉంటుంది. అది చిన్న రిపేరే. బల్లి దూరి సర్క్యూట్ బోర్డు కాలిపోతే ఖర్చు ఎక్కువ. ఫ్యాన్ బాగానే తిరుగుతూ, సన్న గొట్టం వాల్వ్ దగ్గర తెల్లగా మంచు కడితే అప్పుడు గ్యాస్‌ని అనుమానించాలి.

లోపలి కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీద మంచు కడితేనే చాలామంది పొరబడతారు. మురికితో గాలి ఆడకపోయినా కడుతుంది, గ్యాస్ తగ్గినా కడుతుంది. ఫ్యాన్ మోడ్‌లో పెట్టి మంచు పూర్తిగా కరగనివ్వండి. ఫిల్టర్ కడిగి, ఆరబెట్టి, మళ్లీ వేసి చూడండి. మంచు తిరిగి రాకపోతే మీ మూడు వేలు మిగిలినట్టే. గోడ మీద నీళ్లు కారుతుంటే ఎక్కువసార్లు డ్రెయిన్ పైపు పూడిందనే అర్థం, దానికి సర్వీసింగ్ చాలు.

రెండోసారి మా ఇంటికి వేరే మెకానిక్, ఒక పెద్దాయన వచ్చారు. గ్యాస్ ఒత్తిడి చూసే గేజీ పెట్టకముందే ఒక గిన్నెలో సబ్బు నురుగు అడిగారు. బ్రష్‌తో బయటి యూనిట్ నట్ల మీద పూశారు. లావు గొట్టం నట్ దగ్గర ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. నిరుడు కట్టిన మూడు వేలూ అక్కడినుంచే పోయాయి! ఆయన గొట్టం చివర కోసి ఫ్లేర్ (నట్‌లో బిగిసేలా వెడల్పు చేసిన అంచు) కొత్తగా చేశారు, నైట్రోజన్ ఎక్కించి లీకు లేదని చూపించారు, వాక్యూమ్ పంపుతో గొట్టాల్లో గాలి లాగేసి, ఆ తర్వాతే గ్యాస్‌ని తూకం వేసి నింపారు. గ్యాస్ పట్టించాల్సి వస్తే ఇలా చేసేవాళ్లతోనే పట్టించండి. లీకు వెతకనంటే వద్దనండి. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్-32 అనే గ్యాస్‌కి మంట అంటుకునే గుణం కొంత ఉంది, అరకొర పనితో ప్రమాదం కూడా.

ఇక కొత్తది. ఆర్-22 అనే గ్యాస్‌తో నడిచే పాత ఏసీకి కాయిలే లీకవుతుంటే దాని మీద డబ్బు పెట్టొద్దని నా సలహా. ఓజోన్ పొరని దెబ్బతీసే ఆ గ్యాస్‌ని 2030 నాటికి దాదాపు పూర్తిగా ఆపేయాల్సి ఉంది. విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఉప్పు కాయిల్‌ని తినేసినా అంతే, ఒక చోట అతికితే ఇంకో చోట కారుతుంది. కంప్రెసర్ (బయటి యూనిట్‌లో గ్యాస్‌ని తిప్పే యంత్రం) పోయిందని చెబితే మాత్రం వెంటనే షాపుకి పరిగెత్తకండి. పాత బిల్లు వెతకండి. చాలా కంపెనీలు కంప్రెసర్‌కి విడిగా ఎక్కువ ఏళ్ల వారంటీ ఇస్తాయి.