స్ట్రాబెర్రీ క్రీక్: బర్కిలీ వాగులో ఏది చూడాలి, ఏది వదిలేయొచ్చు

కాలిఫోర్నియాలోని బర్కిలీలో స్ట్రాబెర్రీ క్రీక్ అనే వాగు వెంట మొదటి నుంచి చివరిదాకా నడుద్దామనుకుంటే కుదరదు. ఈ వాగు ఊరికి తూర్పున కొండల్లో పుట్టి, పడమట శాన్‌ఫ్రాన్సిస్కో బేలో కలుస్తుంది. దూరం తక్కువే గానీ, మధ్యలో చాలా భాగం రోడ్ల కింద పైపుల్లోనే పోతుంది. పైకి కనిపించే చోట్లు చూసుకుని, మిగతా దూరం బస్సులోనో కారులోనో వెళ్లడమే.

మేము అమ్మానాన్నలతో వెళ్లాం. పెద్దవాళ్లు ఇండియా నుంచి వచ్చేది ఎక్కువగా వేసవిలోనే కదా, అప్పుడు ఇక్కడ వాన చుక్క పడదు. వాగు ఎండిపోదు గానీ బాగా సన్నబడుతుంది. యూసీ బర్కిలీ యూనివర్సిటీ క్యాంపస్‌లో వంతెన మీంచి కిందికి చూసి నాన్న, "దీన్ని చూపించడానికా ఇంత దూరం తెచ్చావు? మన పొలం పక్క కాలువ ఇంతకన్నా నయం కదరా" అన్నారు. నీళ్ల హోరు వినాలంటే డిసెంబర్, మార్చి మధ్య రావాలి.

పైన కొండలోయలో యూనివర్సిటీ బొటానికల్ గార్డెన్ ఉంది. వాగు దాని గుండానే దిగుతుంది. 34 ఎకరాల తోట, పది వేల రకాలకు పైగా మొక్కలు, లోపలికి టికెట్. మా అమ్మకి అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఎక్కుడు ఎక్కువ కాబట్టి క్యాంపస్ నుంచి నడిచి వెళ్దామనుకోకండి. యూనివర్సిటీ షటిల్ ఉంటుంది, బయల్దేరే ముందు టైమింగ్స్ చూసుకోండి. శని, ఆదివారాలైతే కారే నయం. దిగేటప్పుడు దారిలో ఫుట్‌బాల్ స్టేడియం వస్తుంది. 1923లో దాన్ని లోయ మొదట్లో కడుతూ వాగుని పైపులోకి తోసేశారు. హేవర్డ్ ఫాల్ట్, అంటే భూకంపాలు తెచ్చే పగులు, సరిగ్గా దాని కిందుగానే పోతుంది. ఈ సంగతి పెద్దవాళ్లకి అక్కడ నించోబెట్టి చెప్పకుండా ఉంటేనే మంచిది.

క్యాంపస్‌కి మాత్రం తీరిగ్గా టైమ్ పెట్టుకోండి. 1860లలో, తర్వాత ఈ యూనివర్సిటీగా మారిన కాలేజీకి ఈ చోటు ఎంచుకోవడానికి ఈ నీళ్లు కూడా ఒక కారణం. వాగు ఇక్కడ రెండు పాయలు. దక్షిణపు పాయ ఫ్యాకల్టీ గ్లేడ్ పచ్చిక పక్కనుంచి, సేథర్ గేట్ వంతెన కిందనుంచి పోతుంది. ఉత్తరపు పాయ దీన్ని కలిసేది పడమటి గేటు దగ్గర, నీలగిరి చెట్ల తోపులో. ఆ చెట్లు తలెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టేంత ఎత్తు. బెరడు పొడుగాటి పేలికలుగా ఊడి నీళ్లలో వేలాడుతుంటుంది. కాలికింద ఆకు నలిగితే చాలు, జలుబుకి రాసుకునే తైలం వాసన గుప్పుమంటుంది. దారి మట్టిది, వేర్లు తేలి ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని చెయ్యి పట్టుకుని నడిపించాలి.

ఒకప్పుడు మురుగు కలిసి ఈ వాగు పూర్తిగా పాడైంది. 1987లో యూనివర్సిటీ ఒక ప్రణాళిక వేసుకుని, మురుగు లీకులు వెతికి ఆపించింది. 1989లో స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేపల్ని మళ్లీ తెచ్చి వదిలారు. అయినా చుట్టుపక్కల వీధుల వాననీళ్లు ఇందులోకే వస్తాయి కాబట్టి పిల్లల్ని ఆడనివ్వకండి. బాత్రూమ్‌లకి స్ప్రౌల్ ప్లాజా పక్కనున్న స్టూడెంట్ యూనియన్ భవనం పనికొస్తుంది.

ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ దగ్గర వాగు భూమిలోకి దూరిపోతుంది. అక్కణ్నుంచి డౌన్‌టౌన్ అంతా దాని మీదే నడుస్తాం, జాడ కూడా తెలియదు. ఆ ముక్క వదిలేసి యూనివర్సిటీ అవెన్యూలో బస్సెక్కండి. బార్ట్ రైలుకి వాడే క్లిప్పర్ కార్డే బస్సులోనూ చెల్లుతుంది.

నన్నడిగితే అసలు చూడాల్సింది పడమటి వైపున్న స్ట్రాబెర్రీ క్రీక్ పార్కు. ఇది పాత రైల్వే యార్డు స్థలం. 1984లో ఇక్కడ దాదాపు 200 అడుగుల మేర పైపు తవ్వి తీసి, వాగుని మళ్లీ వెలుతుర్లోకి తెచ్చారు. అమెరికాలో ఇలాంటి పని తొలిసారి చేసిన చోట్లలో ఇదొకటి. పగలగొట్టిన కాంక్రీటుని పారెయ్యకుండా గట్టుకే వాడేశారు. వంగి చూస్తే ఆ పలకల కోసిన అంచులు, మధ్యలో గులకరాళ్లు ఇంకా కనిపిస్తాయి. పైన విల్లో చెట్ల నీడ. ఇంతా చేసి చిన్న ముక్కే, ఇటు చివర నించుంటే అటు చివర కనపడుతుంది. అయినా క్యాంపస్‌లో పెదవి విరిచిన నాన్న ఇక్కడ మాత్రం ఆ పైపు ఎంత లోతున ఉండేది, మట్టి ఎక్కడ పోశారు అని ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు.

బస విషయానికొస్తే, యూనివర్సిటీ అవెన్యూ మీద పాత మోటెల్ ఒకటి తీసుకున్నాం. పార్కింగ్ ఫ్రీ, అంతవరకే సుఖం. లిఫ్ట్ లేదు, గదిలో కెటిల్ లేదు, రాత్రంతా కిటికీ కింద బస్సుల బ్రేకుల మోత. పెద్దవాళ్లతో వెళ్తే కింది అంతస్తులో వెనకవైపు గది అడిగి తీసుకోండి. కారు లేకపోతే డౌన్‌టౌన్ హోటలే మేలు. రేటు ఎక్కువైనా క్యాంపస్ నడకదూరం, బార్ట్ స్టేషన్ పక్కనే. మే నెలలో గ్రాడ్యుయేషన్ రోజుల్లో మాత్రం అసలు పెట్టుకోకండి, గదుల రేట్లు మండిపోతాయి.

తిండికి టెన్షన్ లేదు. యూనివర్సిటీ అవెన్యూలో చీరల కొట్లు, మన సరుకుల కొట్లు ఉన్నాయి. ఫోర్త్ స్ట్రీట్‌లో విక్స్ చాట్ ఉంది, ఛోలే భటూరే ఒక ప్లేటు ఇద్దరికి సరిపోతుంది. అదే వీధిలో, ఒకప్పుడు వాగు బేలో కలిసిన చోట, ఇక్కడి ఆదివాసులైన ఒలోనీ జనం వేల ఏళ్లు బతికారు. వాళ్లు తిని పారేసిన గవ్వలు పోగుపడి పెద్ద దిబ్బ అయింది. తర్వాత దాన్ని చదును చేసి పార్కింగ్ స్థలంగా మార్చేశారు. 2024లో సిటీ కౌన్సిల్ ఆ స్థలాన్ని ఒలోనీ మహిళ నాయకత్వంలోని ట్రస్టుకి అప్పగించాలని ఓటేసింది.

వాగు ఇప్పుడు బేలో పడే చోటు ఫ్రీవేకి ఆవల ఉంది. ఒక పైపు మూతి, పైన బండ్ల రొద, అంతే. చూడకపోయినా నష్టం లేదు. ఆ పూటకి బర్కిలీ మెరీనాకి పోండి, ఎదురుగా గోల్డెన్ గేట్ వంతెన కనిపిస్తుంది. వేసవే కదా అని స్వెట్టర్లు గదిలో వదిలి వెళ్లకండి, సాయంత్రం గాలి దంచేస్తుంది.